ముందు ఒక్క నిద్ర చేయనివ్వండి

పునరావాసం పని చూస్తున్న సార్లకూ మేడమ్‌లకూ,

నమస్కారం. నేను పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల్లో, గోదావరిలో కలిసే శబరి నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో, టీచర్ని నేనొక్కదాన్నే. ప్యాకేజీ గురించి, భూమికి భూమి గురించి, ఏ ఇల్లు ఏ కాంటూరులో, అంటే నీళ్ళు ఏ ఎత్తు దాకా వస్తాయో చెప్పే ఏ గీత లోపల, పడిందన్న దాని గురించి మీకు ఇప్పటికే ఎన్నో అర్జీలు వచ్చి ఉంటాయి. అవి రాయాల్సిన వాళ్ళు రాస్తున్నారు, వాళ్ళు అడిగేది న్యాయం, వాళ్ళ వెనకాల నేనూ ఉన్నాను. ఈ లేఖ మాత్రం ఆ అర్జీల్లో ఎక్కడా మాట వినపడని వాళ్ళ గురించి, ఐదేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల గురించి. ఊరు వదిలి వెళ్ళిపోబోతున్నాం అన్న సంగతి వాళ్ళకి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏమని చెప్పాలి అన్నది మీరూ నేనూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు కాబట్టి అందరి ముందూ ఇలా రాస్తున్నాను.

ముందు ఒక పాప సంగతి చెప్తాను. రెండో తరగతి చదువుతోంది. ఒక రోజు ఊళ్ళో మీటింగ్ పెట్టి, త్వరలో ఊరు ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది, అందరూ సిద్ధంగా ఉండండి అని మైకులో చెప్పి వెళ్ళారు. మర్నాడు ఆ పాప గౌను మీద ఇంకో గౌను వేసుకుని బడికొచ్చింది. మంచి ఎండలు, మెడంతా చెమటకాయలు లేచి ఉన్నాయి, విప్పమంటే విప్పదు. ఎందుకమ్మా అని దగ్గరికి తీసుకుని అడిగితే "ఖాళీ చేస్తాం కదా టీచర్" అంది. మూడు రోజులు అలాగే వచ్చింది, రాత్రి కూడా ఆ రెండు గౌన్లతోనే పడుకుంటోందని వాళ్ళమ్మ చెప్పింది.

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. 2022 జూలై వరదప్పుడు ఆ పాపకి నాలుగేళ్ళు కూడా లేవు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది, మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు కాబట్టి ఇక్కడ మా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, గోదారి నిండితే శబరి ముందుకి పోలేక మా ఊళ్ళ మీదకి ఎగపోటేస్తుంది. ఆ రాత్రి వాళ్ళమ్మ ఆ పిల్లని చంకనేసుకుని గుట్ట ఎక్కింది, తర్వాత చాలా రోజులు గుట్ట మీద బరకం కింద ఒక్క తడి గౌనుతోనే గడిచింది. ఆ పిల్లకి తెలిసిన ఖాళీ చెయ్యడం అది. చీకట్లో అరుస్తూ పరిగెత్తడం, అన్నీ వదిలేసి పోవడం. మీరు మైకులో అన్న ఖాళీ వేరు, ఆ పిల్ల విన్న ఖాళీ వేరు. ఆ తేడా చెప్పేవాళ్ళు ఆ మీటింగులో ఎవరూ లేరు, నేను కూడా మీటింగ్ పెద్దవాళ్ళది కదా అని పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాను. కిటికీలోంచి వాళ్ళు అంతా విన్నారు.

పెద్దవాళ్ళకి పోలవరం అంటే నీళ్ళు, కరెంటు, నీళ్ళు నిలిపే ఎత్తు 45.72 మీటర్లు, మొదటి దశలో 41.15 మీటర్లు, ఆ దశకి 38 వేల పైచిలుకు కుటుంబాలు, మొత్తం కలిపితే లక్షకి దగ్గరగా కుటుంబాలు. మా పిల్లలకి కాంటూరు అంటే ఏమిటో తెలియదు కానీ ఆ మాట మాత్రం తెలుసు, మా పొయ్యి కాంటూరు లోపల, మా గొడ్ల పాక కాంటూరు బయట అని ఆటల్లో కర్రతో నేల మీద గీత గీసుకుంటారు. గీత లోపలున్న వాళ్ళు ఔట్.

మీరు అనొచ్చు, ఇంకా తేదీ ఖరారు కాలేదు, ఖరారు కాని విషయం చిన్నపిల్లలకి చెప్పి భయపెట్టడం ఎందుకని. చాలామంది తల్లిదండ్రులూ అలాగే అనుకుంటారు, నేనూ మొదట్లో అనుకున్నాను. కానీ చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, వాళ్ళంతట వాళ్ళే ఒక కథ అల్లుకుంటారు, ఆ కథ ఎప్పుడూ అసలు జరిగేదానికంటే భయంగానే ఉంటుంది. ఒక పిల్లాడు రాత్రి నిద్రలో ఉండగా జేసీబీ వస్తుందని నమ్మి పది రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఇంకొక పిల్ల, ప్యాకేజీ 18 ఏళ్ళు నిండిన వాళ్ళకే వేరుగా వస్తుందని ఇంట్లో మాట్లాడుకుంటుంటే విని, 18 ఏళ్ళు నిండని వాళ్ళని ఇక్కడే వదిలేసి వెళ్తారనుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమని చెప్తారేమోనని భయం. ఒక అర నిమిషంలో తీర్చగలిగిన భయాన్ని ఆ పిల్ల వారాల తరబడి మోసింది.

అందుకని వాళ్ళకి తెలిసిన వాటితోనే చెప్పడం మొదలుపెట్టాను. నారుమడి మా పిల్లలందరికీ తెలుసు, జూలైలో సగం మంది బడి మానేసి అక్కడే ఉంటారు. నారు పీకుతాం కదా, కట్టలు కడతాం కదా, అది నారుమడిలోనూ లేదు, పొలంలోనూ లేదు, ఆ మధ్యలో ఉంది, మనం ఇప్పుడు అలా మధ్యలో ఉన్నాం అన్నాను. నాటాక కూడా వారం పది రోజులు పచ్చదనం తగ్గి దిగులుగా వాలిపోయి ఉంటుంది, తర్వాత వేరు నిలదొక్కుకుని మూన తిరుగుతుంది, కొత్త ఊళ్ళో మొదటి రోజులు మనకీ అలాగే ఉంటుంది, అది తప్పేం కాదు అన్నాను. పిల్లలు బాగా విన్నారు. నాలుగో తరగతి పిల్లాడు ఒకడు లేచి "మరి కట్ట కట్టేసి గట్టు మీదే ఉంచేస్తే?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరుందేమోనని అడుగుతున్నాను. నారు కట్ట గట్టు మీద ఎన్ని రోజులు ఆగుతుందో ఇక్కడ ఏ పిల్లాడైనా చెప్తాడు. ఈ పిల్లలు పుట్టిందే ఊరిని ఆ నారులా కట్ట కట్టి పెట్టిన తర్వాత. ఇక్కడ కొత్త ఇల్లు ఎవరూ కట్టుకోరు ఎందుకంటే ఎలాగూ మునిగేదే, బడి పైకప్పు కారితే రిపేరు ఉండదు ఎందుకంటే ఎలాగూ మునిగేదే, చింతమొక్క నాటుదామని పర్యావరణ దినోత్సవం రోజు నేను తెస్తే ఒక తాత "ఎందుకమ్మా, ఎలాగూ..." అని ఆగిపోయాడు, పిల్లలున్నారని గుర్తొచ్చి. వాళ్ళ బాల్యమంతా ఆ ఎలాగూ అన్న మాట కిందే నడుస్తోంది.

ఊరు కదలకుండానే ఇక్కడ చాలా కదిలిపోయాయి కూడా. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి ఖమ్మంలోకి వెళ్ళింది. 2014లో ఈ ముంపు మండలాలు తెలంగాణలోకి పోకుండా ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయి మళ్ళీ గోదావరి జిల్లాల్లో కలిశాయి. 2022 ఏప్రిల్ 4న మా వైపు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఏలూరు జిల్లా అయింది. నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మేనమామ ఊరు ఇంకో రాష్ట్రంలో ఎందుకుందని పిల్లలు అడిగితే నేను మ్యాపు తీసి గంటసేపు చెప్పాల్సి వచ్చింది, చెప్పాక ఒకమ్మాయి "అయితే మనం ముందే చాలాసార్లు మారిపోయాం కదా టీచర్" అంది. నిజమే. అప్పుడూ ఎవరూ వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకి ముందు చెప్పలేదు.

ఒక రోజు బోర్డు మధ్యలో గీత గీసి ఒకవైపు "మనతో వచ్చేవి", ఇంకోవైపు "ఇక్కడే ఉండేవి" అని రాసి సుద్దముక్క పిల్లలకిచ్చాను. ఆ రోజు నేను నేర్చుకున్నంత మరే రోజూ నేర్చుకోలేదు. అమ్మ, నాన్న, చెల్లి, కోళ్ళు, విల్లు, రేడియో, మంచం, ఇవి ఒకవైపు చకచకా నిండాయి. చింతచెట్టు, ఇప్పచెట్టు, గుట్ట, బడి, ఇవి రెండోవైపు. కుక్క దగ్గర గొడవైంది. ముందు ఖాళీ అయిన ఊళ్ళల్లో కుక్కలు ఇళ్ళ ముందే కూర్చుని ఉండిపోయాయని వాళ్ళు చూసొచ్చారు, లారీలో సామాను ఎక్కిందిగానీ కుక్కలు ఎక్కలేదు. అందుకని ఒక పిల్లాడు కుక్కని రెండోవైపు రాశాడు, ఇంకొకడు ఏడుస్తూ వచ్చి చెరిపేసి మొదటివైపు రాశాడు. శబరి ఎటువైపు అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇక్కడే ఉంటది, కానీ మా ఇంట్లో ఉంటది" అంది ఒక పాప.

అప్పుడు ఒకటో తరగతి వాడు వచ్చి, రాయడం సరిగ్గా రాదు, నన్ను రాయమని "తాత" అన్నాడు. వాళ్ళ తాత పోయి ఏడాది అవుతోంది, ఊరి చివర ఆయన పేరుతో రాయి పాతారు. తాత ఎటువైపు అని వాడే నన్ను అడిగాడు. సార్, మేడమ్, మీ సర్వే ఫారాల్లో ఇల్లు ఉంది, చెట్లకి లెక్క ఉంది, బావికి లెక్క ఉంది, ఈ ప్రశ్నకి గడి ఎక్కడా లేదు. నేను వాళ్ళమ్మని పిలిపించాను. ఆమె వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కోయ మాటల్లో చాలాసేపు ఏదో చెప్పింది, నాకు సగమే అర్థమైంది. వెళ్ళేరోజు తాత రాయి దగ్గర మట్టి మూటకట్టుకుని పోదాం, కొత్త ఊళ్ళో ఇంకో రాయి పాతి ఆ మట్టి పోద్దాం, పండక్కి అక్కడ కల్లు పోద్దాం అంటోందని మాత్రం తెలిసింది. వాడు వెళ్ళి తాతని రెండువైపులా రాయించాడు. ఇలా చెప్పగలిగిన అమ్మలూ అవ్వలూ మా ఊళ్ళల్లో ఉన్నారు, మీరు కొత్తగా ఎవరికీ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు. వాళ్ళకి కావాల్సింది ఖచ్చితమైన సమాచారం, కొంచెం ముందుగా.

తేదీల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఏమనుకోవద్దు. ఒకసారి మా ఊరికి ఫలానా నెలాఖరుకి తరలింపు అన్నారు. చిన్నపిల్లలకి నెలాఖరు అంటే తెలియదు, ఎన్ని నిద్రలు చేస్తే వస్తుంది అని అడుగుతారు. అందుకని సీసా ఒకటి తెచ్చి రోజుకొక చింతగింజ వేయించాను, ఈ గీత దాకా నిండితే వెళ్తాం అని. రోజూ ఎవరి వంతు వాళ్ళు వేసేవాళ్ళు, ఆ గింజ వేయడం కోసమే జ్వరంతో కూడా ఒకడు బడికొచ్చాడు. గీత దాకా నిండింది. ఎవరూ రాలేదు, ఎందుకు రాలేదో కూడా ఎవరూ చెప్పలేదు. రెండోసారి ఇంకో తేదీ వచ్చింది, గింజలు పారబోసి మళ్ళీ మొదలుపెట్టాం. అదీ దాటిపోయింది. మూడోసారి తేదీ చెప్పినప్పుడు నేను సీసా తీస్తే ఒక్కరూ గింజ వెయ్యడానికి లేవలేదు. ఏడేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళ మాట నమ్మడం మానేశారు, అందులో నా మాట కూడా ఉంది.

తేదీ వాయిదా పడటం తప్పు కాదు. నిధులు రావాలి, ఇళ్ళు పూర్తవ్వాలి, అవన్నీ మీ చేతుల్లోనే ఉండవని నాకు తెలుసు. వాయిదా పడిందని చెప్పకపోవడం తప్పు. "ఇంకా తెలియదు, తెలిసిన రోజే చెప్తాం" అన్న మాట పిల్లలు తట్టుకుంటారు, నేను చెప్పి చూశాను, వాళ్ళు సరే అని ఆడుకోవడానికి పోతారు. తట్టుకోలేనిది, చెప్పినట్టు జరగకపోవడం, దాని గురించి అందరూ మాట మార్చేయడం.

చిన్నపిల్లలు కదా, రెండు రోజుల్లో మర్చిపోతారు అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నా మొదటి పోస్టింగులో మా హెడ్మాస్టరు గారు శ్రీశైలం ముంపు ఊరాయన. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు ఆయన రెండో తరగతి, వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్ళి తిరిగొస్తే ఇల్లు లేదు. ముందు చెప్పి ఏడిపించడం ఎందుకని అందరూ అనుకున్నారట. ప్రతి ఏడూ రిజర్వాయరులో నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడగానే ఆయన బస్సెక్కి వెళ్ళి ఆ ఒడ్డున కూర్చుని వచ్చేవారు. ఏం చేస్తారు సార్ అక్కడ అంటే, మా వాకిలి ఎక్కడుండేదో వెతుకుతాను అనేవారు. నడివయసు మనిషి.

2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్ నేను చదివాను. పునరావాస కాలనీలో బడి ఉండాలి, అంగన్‌వాడీ ఉండాలి, పిల్లలకి ఆటస్థలం ఉండాలి, 50 కుటుంబాలకొకటి చొప్పున అందరూ కూర్చోవడానికి చెట్టు కింద రచ్చబండ లాంటిది ఉండాలి అని రాసి ఉంది. రాసినవాళ్ళు మంచి మనసుతో రాశారు. వెళ్ళిన తర్వాత ఏముండాలో ఉంది. వెళ్ళే ముందు, వెళ్ళేటప్పుడు పిల్లలకి ఏం చెయ్యాలో దాన్లో లేదు, కానీ చెయ్యొద్దని కూడా లేదు కదా.

నేను అడిగేదాంట్లో ముఖ్యమైనది ఇది. మన ఇళ్ళల్లో ఏదైనా చోటు మనది కావాలంటే ముందు నిద్ర చేస్తాం. కొత్త కోడలు మూడు నిద్రలు చేస్తుంది, మొక్కుంటే గుడిలో నిద్ర చేస్తాం. తరలించడానికి ఒక నెల ముందు, ఏ కాలనీకి పంపుతారో అక్కడికి పిల్లల్ని తల్లులతో పాటు తీసుకెళ్ళి ఒక్క నిద్ర చేయనివ్వండి. ఒక బస్సు, రెండు పూటల భోజనం, అంతకు మించి ఖర్చేం లేదు. ఏ ఇల్లు ఎవరిదో ఆ రోజే చూపించండి. పిల్లలు ఆ గుమ్మం ముందు ముగ్గేసుకుంటారో, గోడ మీద ఏదైనా బొమ్మ గీసుకుంటారో, గీసుకోనివ్వండి, గోడ పాడైందని కేకలెయ్యొద్దు. ఎందుకు చెప్తున్నానంటే, ముందే వెళ్ళిపోయిన నా పిల్లల్ని చూడటానికి ఒక కాలనీకి వెళ్ళాను. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకే రంగు, ఒకే తలుపు, నంబర్లు మాత్రం వేరు. ఇంకా అంకెలు సరిగ్గా రాని ఒకటో తరగతి పిల్ల బహిర్భూమికని బయటికెళ్ళి సాయంత్రం దాకా ఇల్లు దొరక్క వీధులన్నీ తిరిగింది. మా ఊళ్ళో కళ్ళు మూసుకుని ఇంటికి పోయే పిల్ల. వాళ్ళ నాన్న తర్వాత తలుపు మీద పసుపుతో నెమలి బొమ్మ వేశాడు, ఇప్పుడు పక్కింటి పిల్లలు కూడా ఆ నెమలి గుర్తుతోనే ఇంటికి పోతున్నారు.

ఒకే ఊరి వాళ్ళకి పక్కపక్కనే ఇళ్ళివ్వండి, లాటరీలో విడగొట్టొద్దు. పిల్లలకి ఊరంటే చెట్లు, నది కంటే ముందు పక్కింటి అవ్వ, ఆడుకునే జట్టు. వాళ్ళు పక్కనే ఉంటే మిగతాది నెమ్మదిగా సర్దుకుంటుంది. కోయ తెలిసిన అంగన్‌వాడీ టీచర్నీ ఆయమ్మనీ కనీసం మొదటి ఏడాది పిల్లలతోనే ఆ కాలనీకి పంపండి, ఊరు మారి, ఇల్లు మారి, భాష కూడా ఒకేసారి మారితే ఐదేళ్ళ పిల్ల నోరే తెరవదు, మీరు తెలివితక్కువ పిల్ల అనుకుంటారు. మా కొండరెడ్డి గిరిజనుల పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, వాళ్ళు చాలామందికి ఇంతమంది మనుషుల్ని ఒకేచోట చూడటమే కొత్త.

టీసీల గురించి ఒక్క మాట. సామాను లారీలో పోతుంది, పిల్ల పేరు మాత్రం పాత బడి రిజిస్టర్లో ఉండిపోతుంది. కొత్త బడిలో పేరు లేదు కాబట్టి మధ్యాహ్న భోజనంలో గుడ్డు లేదు, పుస్తకాలు లేవు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, అయినా కొన్ని నెలలు ఏ బడికీ చెందకుండా తిరిగిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళల్లో కొందరు మిరప కోతలకి పోవడం మొదలుపెట్టి మళ్ళీ బడి ముఖం చూడలేదు. వీలైతే వేసవిలోనే తరలించండి, జూన్ 12న బడి తెరిచేసరికి పేరు కొత్త రిజిస్టర్లో ఉండేలా. బీడీలకి వాడే తునికాకు కోసే పని కూడా వేసవిలోనే, అది మాత్రం చూసుకోండి, అది పోతే ఆ ఏడాది ఇంటికి చేతిలో డబ్బుండదు.

ఆఖరుగా నా సొంత సంగతి. మా ఊరి తేదీ నిజంగా ఖరారైన రోజు, మైకులో చెప్పే ముందు, ఒక్క రోజు ముందు బడికి కబురు చెయ్యండి. నేను తల్లుల్ని పిలుస్తాను, పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి మేమే చెప్తాం, ఆ రెండు గౌన్ల పాపకి అందరికంటే ముందు చెప్తాం, పగలే వెళ్తాం, అమ్మతోనే వెళ్తాం, నీ గౌన్లన్నీ పెట్టెలో సర్దుకునే వెళ్తాం అని. సీసా, చింతగింజలు బీరువాలో దాచి ఉంచాను. ఈసారి ఎన్ని గింజలో సరిగ్గా లెక్క చెప్పండి, లెక్క మారితే ఆ రోజే మారిందని చెప్పండి.

ఇట్లు,
శబరి ఒడ్డు బడి టీచర్